స్నానాల తొట్టిలో బంగారుతీగ

పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోయారు.

అందులో వింతేమీ లేదు. పెళ్ళి భోజనానికి ముందు ఎవరో ఒకరు పిల్లను మాయం చెయ్యాలి, పెళ్ళికొడుకు ఊరంతా గాలించి వెనక్కి తెచ్చుకోవాలి. ఎత్తుకుపోకపోతేనే, పాపం ఈ పిల్ల ఎవరికీ అక్కర్లేదు కాబోలని బంధువులు గుసగుసలు పోతారు. వెందెలీన్ బీరు గ్లాసు ఎత్తి, నురగ ఊది, ఒక్క గుక్క మింగి దించేసరికి పక్క కుర్చీలో అపొలేనా లేదు. ఆమె పళ్ళెం పక్కన పెట్టిన రోజ్‌మేరీ రెమ్మ మాత్రం ఇంకా ఊగుతోంది.

"పోయిందిరోయ్!" అంటూ రాకొసోవ్ కోట ముంగిట్లో బల్లల చుట్టూ కూర్చున్న జనమంతా చప్పట్లు చరిచారు. ఎవడో అతని కోటు జేబులోంచి ఫోను లాగేసుకున్నాడు. అది ఈ మధ్య చేరిన ఆచారం.

ఇంకో పెళ్ళికొడుకైతే ఆ చప్పట్లకి మురిసి, ఇంకో గుక్క తాగి తీరిగ్గా లేచేవాడు. వెందెలీన్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. ఈ వేటలో ఓడితే అతని ఇల్లు పోతుంది.

సంగతేమిటంటే, ఈ ఇద్దరూ పెళ్ళికి ఒప్పుకున్నారు గానీ కాపురానికి ఒప్పుకోలేదు. అంటే కాపురం ఎక్కడ అన్నదానికి. వెందెలీన్ చెరువుల మనిషి. తెల్లారేసరికి పడవలో ఉండాలి, బంగారుతీగ చేపలకి మేత వెయ్యాలి, పొగమంచులోంచి బాతులు తిడుతుంటే వినాలి. గట్టు మీద వాళ్ళ ఇల్లు, ఇంట్లో వాళ్ళమ్మ అనెష్కా. అపొలేనా కోటలో గైడు. ఉద్యోగంతో పాటు సింహద్వారం పక్కనున్న కావలి ఇల్లు ఇస్తారు. మూడడుగుల మందం గోడలు, గూట్లో పావురాలు. "ఆ రాళ్ళ మధ్య నాకు ఊపిరాడదు" అని అతను, "ఆ చేపల కంపులో నాకు ఊపిరాడదు" అని ఆమె, చలికాలం అంతా వాదించుకున్నారు. ఒక కొలిక్కి రాలేదు.

ఆ పొద్దున, ఆనవాయితీ ప్రకారం పళ్ళెం పగలగొట్టి ముక్కలు ఇద్దరూ కలిసి ఊడుస్తుండగా, చీపురు పట్టుకున్న అపొలేనా అందరి ముందూ చెప్పేసింది.

"వెందా, ఇవాళ నన్ను ఎత్తుకుపోతారు కదా. నాలుగు గంటలు కొట్టేలోపు నన్ను వెతికి సూపు బల్ల దగ్గరికి తెచ్చావనుకో, చెరువు గట్టుకే వచ్చేస్తా. మీ అమ్మ ఏ గరిట ఏ మేకుకి తగిలించమంటే ఆ మేకుకే తగిలిస్తా. నాలుగు కొట్టిందా, నీ దిండు చంకలో పెట్టుకుని నువ్వే కావలి ఇంటికి రావాలి. సరేనా?"

"సరే!" అన్నాడు వెందెలీన్, బేరంలో మోసం చేస్తున్నానేమోనని కాస్త సిగ్గుపడుతూ కూడా. ఊళ్ళో ఉన్నవి మూడు బీరు కొట్లు. పెళ్ళికూతుర్ని బీరు కొట్టులో దాచక చర్చిలో దాస్తారా?

మొదటి కొట్టులో కుక్క ఒక్కటే ఉంది. రెండో కొట్టులో తలుపు వెనకా, పీపాల వెనకా, ఆఖరికి ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో కూడా వెతికి, లోపలున్న పోస్టాఫీసు ఆవిడ చేత చెంపదెబ్బ తిన్నాడు. మూడో కొట్టులో బల్ల మీద అపొలేనా తెల్ల చెప్పులు రెండూ బుద్ధిగా పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒక దాని నిండా ప్లమ్ పళ్ళ సారా. పక్కన ఆమె అన్న మతౌష్ పేకముక్కలు కలుపుతూ కూర్చున్నాడు.

"తాగు బావా, తాగితేనే చెప్పులు ఇస్తారు."

వెందెలీన్ చెప్పు ఎత్తి గటగటా తాగాడు. మడమ దగ్గర నుంచి సగం సారా చొక్కాలోకి దిగింది. "ఏదిరా మీ చెల్లెలు?"

"నాకే తెలీదు!" అన్నాడు మతౌష్, నిజంగానే దిగులుగా. "ఎత్తుకుపోదామని చెయ్యి పట్టుకుంటే, అదే నా చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయింది. మలుపు దగ్గర చెప్పులు విప్పి నా చేతిలో పెట్టి, 'ఇక నువ్వు పోరా అన్నయ్యా, నన్ను నేనే ఎత్తుకుపోతా' అంది. పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోవడం కూడా చేతకాలేదని రేపట్నుంచి నన్ను ఊళ్ళో వాళ్ళు ఏమంటారో చూడు."

చెప్పులు చెరో జేబులో కుక్కుకుని వెందెలీన్ రోడ్డెక్కాడు. రోడ్డు పక్క బెంచీ మీద వాళ్ళమ్మ అనెష్కా బిగుతు బూట్లు విప్పి, కాళ్ళు గాలికి ఆరబెట్టుకుంటోంది.

"దొరికిందా?"

"చెప్పులు దొరికాయమ్మా."

"పిల్ల చెప్పులు వదిలి పోయిందంటే చెప్పులతో పని లేని చోటికి పోయిందని, అంతేగా?"

"చెప్పులతో పని లేని చోటేమిటి?"

అనెష్కా కొడుకు వంక, నీళ్ళలో పడేసిన రొట్టెముక్క వంక చూసినట్టు చూసింది. "ఏ చోటికి వెళ్తే నీ బూట్ల మీద ఉన్ని జోళ్ళు తొడిగిస్తార్రా, మొద్దూ?"

వెందెలీన్ తల తిప్పాడు. కొండ మీద రాకొసోవ్ కోట, ఎర్ర పెంకులు, తెల్ల బురుజు, మధ్యలో నాలుగు గంటల కోసం కాసుక్కూర్చున్న గడియారం. పొద్దుట్నుంచీ తను కూర్చున్న చోటే. ఆమె దాక్కుంది తన వీపు వెనకే!

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ముప్పై రెండేళ్ళు ఆ కోట నీడలో పెరిగి, వెందెలీన్ దాని గడప తొక్కలేదు. బడిలో ఉన్నప్పుడు తీసుకెళ్తామన్న రోజున గవదబిళ్ళలు లేచాయి. తర్వాత, "ఎక్కడికి పోతుందిలే, వాన పడ్డ రోజు చూద్దాం" అనుకున్నాడు. వాన పడ్డ రోజున చేపలు బాగా పడేవి. పైవాళ్ళ కోటలు మాత్రం బోలెడు చూశాడు, పాపం. ప్రతి వేసవిలో సెలవు దొరికితే చాలు అపొలేనా అతన్ని మెడపట్టి ఈడ్చుకుపోయేది. ఒక కోటలో ఎలుగుబంట్లు, ఒక కోటలో చీకటి కొట్టు, ఇంకో దాంట్లో కన్నీరు పెట్టే బొమ్మ. అన్నిటికీ వెందెలీన్ గంగిరెద్దులా తలూపి, గేటు బయట కాల్చే సాసేజీల దగ్గరికి వచ్చాక మాత్రం మనిషయ్యేవాడు. ఏ కోట సాసేజీ ఎలా ఉంటుందో అడిగితే కళ్ళు మూసుకుని చెబుతాడు. అపొలేనా తనదనుకునే ఈ కోటకి మాత్రం అతను రాలేదు. ఆమె అడిగీ అడిగీ, ఈ మధ్య అడగడం మానేసింది.

ఇప్పుడు కొండెక్కి టిక్కెట్ల కిటికీ దగ్గర రొప్పుతూ నిలబడ్డాడు. కిటికీలో మార్షొవా గారు. కోటలో అందరికంటే పెద్ద గైడు. పెళ్ళి కోసం పొద్దున చొక్కాకి తెల్ల రిబ్బను గుచ్చుకుంది గానీ, డ్యూటీ డ్యూటీయే.

"ఒక టిక్కెట్టండీ. తొందరగా!"

"మూడు గంటల బృందం. అదే ఆఖరు."

"అపొలేనా లోపల ఉందా మార్షొవా గారూ? ఒక్క మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"టిక్కెట్టు కొన్నవాళ్ళ గురించి ఎవరికీ చెప్పను" అంది మార్షొవా గారు టిక్కెట్టు చించుతూ. ఆ మాటలో గాలం ముల్లు ఉందని వెందెలీన్‌కి అప్పుడు తట్టలేదు.

బృందం అంటే మొరావియా వైపు నుంచి బస్సులో వచ్చిన పింఛనుదారులు. ద్రాక్షతోటల మనుషులు. పొద్దున దారంతా వాన, దానికి తోడు సంచీలో సొంత వైను. ఆడవాళ్ళంతా బస్సు వాళ్ళు ఇచ్చిన నీలం వానకోట్లు మడమల దాకా వేసుకుని, టోపీలు కళ్ళ దాకా లాక్కున్నారు. లోపల జూన్ నెలలో కూడా పాలు విరగనంత చలి అని తెలిసి వాటిని విప్పలేదు. మగవాళ్ళలో పెద్ద, ఫ్రాంతా తాత అనే దుక్క మనిషి, పెళ్ళికొడుకుని చూడగానే భుజం మీద ఒక్కటి వేశాడు.

"ఏమబ్బీ, పెండ్లి ఇడిసిపెట్టి కోట జూసేకొచ్చినావా? పిల్ల అంత బాగుండదా ఏమి?"

"పిల్ల లోపలుంది తాతా. నాలుగు కొట్టేలోపు దొరక్కపోతే నా ఇల్లు పోతుంది."

విషయం విన్నారో లేదో, తాతలంతా వెందెలీన్ పక్షం చేరారు. నీలం కోట్ల అవ్వలంతా మూతులు బిగించి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఆ పొడుపులు కూడా వెందెలీన్ గమనించలేదు. చేపలు పట్టేవాడు నీళ్ళలోకి చూస్తాడు గానీ పడవలోకి చూస్తాడా?

గుమ్మం దగ్గర పెద్ద చెక్కపెట్టె. దాని నిండా బూట్ల మీద తొడుక్కునే ఉన్ని జోళ్ళు, ఒక్కోటి చిన్న పడవంత. నేల గీరుకుపోకుండా వాటితో జారుకుంటూ నడవాలి. వెందెలీన్ రెండు దొరకబుచ్చుకుని, నాడాలు ముళ్ళు పెట్టి, తలుపు తియ్యగానే ముందుకి ఉరికాడు. మార్షొవా గారి తాళంచెవుల గుత్తి అతని కడుపుకి అడ్డం పడింది.

"ఎక్కడికి?"

"ముందు గదులన్నీ చూసొస్తానండీ."

"వెనక గదికి తాళం పడితేనే ముందు గది తాళం తీస్తాను. అందరూ కలిసి వెళ్ళాలి, అందరూ కలిసి రావాలి. నేను చెప్పేది మొత్తం వినాలి. ఇది కోట బాబూ, రైల్వే స్టేషను కాదు."

వెనక తాళం పడింది. గోడల మీద దుప్పికొమ్ముల మధ్య, "మా రాకొసోవ్ కోటకు స్వాగతం" అని మార్షొవా గారు మొదలుపెట్టింది. కొమ్ముల చరిత్ర చెబుతుంటే వెందెలీన్ గడ్డి కూరిన ఎలుగుబంటి వెనక చూశాడు. భోజనశాలలో బల్లగుడ్డ ఎత్తి కిందకి దూరాడు. తాడు దాటినందుకు గోడలోంచి ఏదో పీపీమని అరిచింది. అవ్వలు చెవులు మూసుకున్నారు, తాతలు "భళీ!" అన్నారు. పడకగదిలో పింగాణీ పలకల పొయ్యి ఉంది. దొరల గదిలో బూడిద పడకూడదని దానికి కట్టెలు వెనక నడవాలోంచి వేసేవారు. నడవా వైపు మనిషి పట్టేంత నోరు కనబడగానే తల దూర్చాడు. బయటికి తీసేసరికి మొహం బొగ్గు.

"ఉండాదా?" అడిగాడు ఫ్రాంతా తాత.

"లేదు."

"ఆ మొగం జూసి నేనైతే బయటికి రానబ్బీ!"

వెనక నుంచి కిసకిసలు. పుస్తకాల గదిలో మార్షొవా గారికి దగ్గొచ్చి, చెబుతున్న వాక్యం మధ్యలో ఆగిపోయింది. "ఈ పుస్తకాలన్నీ కోట దొర కౌంట్ యాన్ కాష్పర్ గారు..."

"...చదవడానికి కాదు, గోడ చెమ్మ దాచడానికి కొన్నారు" అని పూర్తి చేశాడు వెందెలీన్.

గదిలో అందరూ అతని వంక చూశారు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అతనే. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పడవలోంచి వచ్చింది. ఏటా మార్చిలో కోట తలుపులు తీసే ముందు, అపొలేనా పొద్దున్నే చెరువు దగ్గరికి వచ్చి పడవ ముక్కున కూర్చునేది. వలల మీద కాళ్ళు పెట్టుకుని, బాతులకి చెబుతున్నట్టు పాఠమంతా వల్లె వేసేది. అతను తెడ్డు వేసేవాడు. విన్నానని అతను ఎప్పుడూ అనుకోలేదు. మేత, నీళ్ళు, గాలి, ఇవే అతని ధ్యాస. కానీ చేప గుడ్లు గడ్డిలో అంటుకున్నట్టు మాటలన్నీ లోపల అంటుకుని ఉన్నాయి. ఇప్పుడు గది గదికీ ఒక్కోటి పగిలి ఈదుతోంది. పసుపు గది తలుపు తియ్యకముందే అందులో పియానో ఉంటుందని తెలుసు, దాని మీద కొరికిన గుర్తు ఉంటుందని తెలుసు, ఎవరు కొరికారో తెలుసు. వెందెలీన్‌కి తల తిరిగినట్టయింది. సగం ప్లమ్ సారా, సగం ఇది.

నాట్యశాల తలుపు తెరుచుకుంది. అద్దంలాంటి చెక్కనేల, నిలువెత్తు కిటికీలు, చివర తెర వెనక ఏదో కదిలింది. తెల్లగా!

"పోలీ!" అని అరిచి వెందెలీన్ పరిగెత్తాడు. ఉన్ని జోళ్ళు రెండూ రెండు దిక్కులకి బయల్దేరాయి. అతను వెల్లకిలా పడి, గది ఈ చివర నుంచి ఆ చివరకి నున్నగా జారుకుంటూ వెళ్ళి, తెరలో చుట్టుకున్నాడు. తెర వెనకున్న తెల్ల పాలరాతి పిల్లాడు విల్లెక్కుపెట్టి అతని వంక చూశాడు.

ఆ క్షణంలో నవ్వొకటి వినబడింది. బృందమంతా నవ్వుతోంది, నిజమే. కానీ ఆ నవ్వులో ఒకటి కుండలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంది. ఆ నవ్వు అతనికి తెలుసు. తను పడవలోంచి నీళ్ళలో పడ్డ ప్రతిసారీ విన్నాడు.

గబుక్కున లేచి చూశాడు. ఎదురుగా వరసగా నీలం కోట్లు. నీలం టోపీలు. అన్నీ ఒకేలా ఊగుతున్నాయి.

అప్పుడు అర్థమైంది. పొయ్యిల్లో, బల్లల కింద వెతుకుతున్న మనిషి గది గదికీ తన వెనకే జారుకుంటూ వస్తోంది. టిక్కెట్టు కొని మరీ! తన సొంత కోటకి!

వెందెలీన్ దగ్గర్లో ఉన్న టోపీ పట్టుకుని లాగాడు. లోపల ఎనభై ఏళ్ళ అవ్వ. ఆమె తడుముకోకుండా అతని బొగ్గు మొహం రెండు చేతుల్తో పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. "నన్నే ఎత్తుకపో నాయనా, నేను దేనికీ పేచీ పెట్టను!"

మళ్ళీ నవ్వులు. ఇంకో టోపీ లాగే ధైర్యం లేకపోయింది. పైగా మార్షొవా గారు, "సందర్శకుల బట్టలు ముట్టుకోరాదు" అంది గోడ మీద రాసిన రూలు చూపించి. కిటికీలోంచి బురుజు గడియారం కనబడుతోంది. పెద్ద ముల్లు చివరి పావులోకి దిగింది.

'నీళ్ళు కెలికితే చేప లోపలికి పోతుంది. ఎర వేస్తే అదే వస్తుంది' అనుకున్నాడు వెందెలీన్. అదృష్టం కొద్దీ తరవాతి గది స్నానాల గది.

ఆ గదిలో తొట్టి ఉంది. సింహం కాళ్ళ రాగి తొట్టి. రాకొసోవ్ కోట మొత్తంలో జనం ఎక్కువసేపు నిలబడేది దాని దగ్గరే. మార్షొవా గారు గొంతు సవరించుకుంది. "దొరసాని కౌంటెస్ ఎలియొనోరా గారు నీటి ఒడ్డున పుట్టిన మనిషి. ఒక క్రిస్మస్‌కి వంట కోసం తెచ్చిన బంగారుతీగ చేపను ఈ తొట్టిలో వదిలారు. కౌంటెస్ గారు దానితో మాట్లాడి మాట్లాడి, దానికి పేరు పెట్టి, ఇక చంపనివ్వలేదు. వసంతం దాకా కోటలో ఎవరికీ స్నానాల్లేవు. ఆ తరవాత..."

"ఆ తరవాత తినేశారు!" అన్నాడు వెందెలీన్ గట్టిగా.

ఈ తగువు కోటంత పాతది కాకపోయినా, వాళ్ళ ప్రేమంత పాతది. ప్రతి మార్చిలో ఆ వాక్యం దగ్గరికి రాగానే అతను తెడ్డు ఆపి, "తినేశారు" అనేవాడు. ఆమె ఒక దోసెడు నీళ్ళు అతని మొహాన కొట్టేది.

"పిండిలో ముంచి వేయించారు" అన్నాడు ఇప్పుడు, నీలం కోట్ల వంక చూడకుండా, తొట్టితో చెబుతున్నట్టు. "ముక్కలు కూడా మార్షొవా గారూ, తోక వైపువి కౌంట్ గారికి, తల..."

ఒక నీలం కోటు మెలికలు తిరిగింది.

"...తల కౌంటెస్ గారికే. పక్కన బంగాళాదుంప సలాడ్. రెండోసారి కూడా వడ్డించుకుందట!"

"అబద్ధం!" నీలం టోపీ ఎగిరి వెనక్కి పడింది. జడలో తెల్లపూలు చెదిరిపోయి, మొహం ఎర్రబడి, అపొలేనా తొట్టి ఇవతలకి దూకింది. "పచ్చి అబద్ధం! బుట్టలో తడిగుడ్డ చుట్టి, తనే మోసుకెళ్ళి చెరువులో వదిలింది! వెయ్యిసార్లు చెప్పాను! కౌంటెస్ గారు చేప తల తింటుందా? అసలు నీకు..."

ఆగిపోయింది. చెయ్యి నోటి మీద పెట్టుకుంది.

"పడింది!" అని ఫ్రాంతా తాత టోపీ గాల్లోకి విసిరాడు. అవ్వలు "అయ్యో తల్లీ, నోరు మూసుకోలేకపోతివే!" అని తలలు బాదుకున్నారు. వెందెలీన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బొగ్గు చెయ్యి, తెల్ల చెయ్యి.

"పదండి మార్షొవా గారూ, తలుపు తియ్యండి, సూపు చల్లారిపోతోంది!"

"ఇంకా ఆయుధాల గది ఉంది, ప్రార్థన గది ఉంది" అంది మార్షొవా గారు చలించకుండా. "పాఠం పూర్తి కాకుండా ఏ బృందమూ బయటికి పోలేదు. యుద్ధకాలంలో కూడా పోలేదు."

ఆయుధాల గది తలుపు తెరుచుకోగానే వెందెలీన్ తనే పాఠం అందుకున్నాడు. "ఇవి ముప్పై ఏళ్ళ యుద్ధం నాటి కత్తులు, స్వీడన్ వాళ్ళు పారిపోతూ వదిలినవి, ఇది బల్లెం, అది ఇంకో బల్లెం, పదండి!"

"ఆగాగు" అంది అపొలేనా. కళ్ళలో దొంగవెలుగు. ఓడిపోవాలని ఆమెకేం సరదా? "ఆ బల్లెం గురించి చెప్పందే ఎలా? దీని కర్ర ఏ చెట్టుదో ఎవరికైనా తెలుసా?"

"తెలీదమ్మా, చెప్పు చెప్పు!" అన్నారు అవ్వలు ఒక్కసారిగా.

"తెలుసు, తెలుసు, భూర్జ చెట్టు!" అన్నారు తాతలు. వాళ్ళకి ఏ చెట్టో తెలీదు.

ఇక చూడాలి ఆ సంబరం. అతను ఒక వాక్యం మింగితే ఆమె రెండు వాక్యాలు కక్కేది. అతను తలుపు దగ్గరికి జారితే ఆమె కిటికీ దగ్గరికి జారేది. చేతులు మాత్రం ఇద్దరూ వదల్లేదు, అందుకని మధ్యలో గిరగిరా తిరిగారు. ఒక అవ్వ కవచం బరువెంతని అడిగింది. ఇంకో అవ్వ అది వేసుకుని పాయఖానాకి ఎలా వెళ్ళేవాళ్ళని అడిగింది. "అడిగినదానికి జవాబు చెప్పాలి, అది రూలు" అంది మార్షొవా గారు. ఆమె పెదవి చివర ఏదో వణికింది గానీ, అది నవ్వని ఒట్టేసి చెప్పేవాళ్ళు లేరు. ప్రార్థన గదిలో అపొలేనా దేవదూతల పేర్లు ఒక్కొక్కటే చెప్పబోతుంటే, తాతలు చప్పట్లతో ముంచేశారు. వెందెలీన్ ఆఖరి వాక్యం ఆమెతో కలిసి చెప్పాడు, ఒక్క అక్షరం తప్పకుండా. "ఇక్కడితో మా కోట అయిపోయింది, మీరు మాత్రం మళ్ళీ రండి."

ఆ మాట అనేటప్పుడు అపొలేనా అతని వంక చూసింది. నవ్వు ఆగలేదు గానీ కాస్త నెమ్మదించింది. "నీకు మొత్తం వచ్చు" అంది. "మొత్తం విన్నావా?"

అతను జవాబు చెప్పేలోపు ఆఖరి తలుపు తెరుచుకుంది.

గుమ్మం. చెక్కపెట్టె. అవతల తడి రాళ్ళ ముంగిలి, పది అంగల్లో సూపు బల్ల, గరిట పట్టుకుని నిలబడ్డ అనెష్కా, చుట్టూ గొంతులు పగిలేలా అరుస్తున్న పెళ్ళివారు. పైన బురుజులో గడియారం గంట కొట్టే ముందు గొంతు సవరించుకుంటున్నట్టు గరగరమంది.

"జోళ్ళు పెట్టెలో!" అంది మార్షొవా గారు.

వెందెలీన్ ఒక జోడు తన్ని పడేశాడు. రెండో దాని ముడి రాలేదు. అపొలేనా తన జోళ్ళు విడిచి, ఉత్త కాళ్ళతో నిలబడింది. అతను జేబుల్లోంచి తెల్ల చెప్పులు తీశాడు. ఒకటి సారా కారుతోంది.

"ఛీ! దాన్ని నేను వేసుకోను."

"అయితే ఎక్కు" అని ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని, ఒక కాలు గడప అవతల పెట్టాడు. మొదటి గంట కొట్టడానికి ఇంకా రెండు ఊపిరులంత సమయం ఉంది. పది అంగలు. చెరువు, పడవ, పొగమంచు, అన్నీ ఆ పది అంగల అవతల.

అపొలేనా అతని మెడ చుట్టూ చేతులు వేసింది. "పరిగెత్తు" అంది. "నువ్వే గెలిచావులే. మాటంటే మాటే."

వెందెలీన్ కదల్లేదు. "నా పడవలో ఎన్నిసార్లు కూర్చున్నావు నువ్వు?"

"లెక్కపెట్టుకున్నానా ఏమిటి?"

"నీ కోటకి నేను ఎన్నిసార్లు వచ్చాను?"

"ఇవాళే. అదీ టిక్కెట్టు కొని" అంది. నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఠంగుమని మొదటి గంట. "పరిగెత్తరా!" అని ముంగిలంతా ఒకే అరుపు. వెందెలీన్ అవతల పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. పెళ్ళాన్ని ఎత్తుకుని గడప దాటి, కొత్త పెళ్ళికొడుకెవరైనా తన ఇంట్లోకి వెళ్ళినట్టు, కోటలోకి వెళ్ళాడు.

వెళ్ళాడు అంటే, వెళ్ళబోయాడు. రెండో కాలికి ఉన్ని జోడు ఉంది కదా. అది తన దారిన తను పోయింది. ఇద్దరూ గాల్లోకి లేచి, దబ్బున జోళ్ళ పెట్టెలో పడ్డారు. మూడో గంట, నాలుగో గంట ఆ ఉన్ని గుట్టలో వినబడనే లేదు. వినబడింది ఒకటే, కుండలో గులకరాళ్ళ నవ్వు.

తాతలు, అవ్వలు ఎవరు గెలిచారో తేల్చుకోలేక వైను సీసా తీశారు. అనెష్కా గరిట ఊపుకుంటూ గుమ్మం దాకా వచ్చి, పెట్టెలోకి తొంగి చూసింది.

"ఏరా, అయితే నువ్వు ఇక్కడే ఉంటావా?"

"ఉంటానమ్మా. పొద్దున్నే పడవ దగ్గరికి సైకిల్ మీద వస్తాను."

"అంటే నా వంటింట్లో వలలు ఆరేసేవాడు ఉండడన్నమాట! నడవాలో బురద బూట్లు ఉండవన్నమాట!" అనెష్కా మొహం క్రిస్మస్ కిటికీలా వెలిగింది. "ఈ ముక్క చలికాలంలోనే చెప్పొచ్చుగా, నోరు నొప్పెట్టేలా నీ తరఫున వాదించాను!"

మార్షొవా గారు తాళంచెవులు గలగలలాడించింది. "గడప దాటి మళ్ళీ లోపలికొచ్చారు. మళ్ళీ టిక్కెట్టు తీసుకోవాలి" అని, పెట్టె వంక ఒక చూపు చూసి, "రేపు తీసుకుంటే చాల్లే" అంది.

పెట్టె అడుగున, నలభై జతల ఉన్ని జోళ్ళ మధ్య, వెందెలీన్ అపొలేనా జడలోంచి ఒక పువ్వు తీసి బొగ్గు చేత్తో నలిపాడు.

"కావలి ఇంట్లో స్నానాల తొట్టి ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"క్రిస్మస్‌కి ఒక బంగారుతీగను తెచ్చి పెడదామని. మంచిది, బలిసింది."

"తెచ్చుకో. చంపనివ్వను."

"వాళ్ళు తినేశారు పోలీ."

"వదిలేశారు."

"వేయించి..."

అపొలేనా చేతికందిన జోడు తీసి అతని మొహాన కొట్టింది. బయట ఒకే పళ్ళెంలో, ఒకే చెంచాతో, ఇద్దరూ కలిసి తాగాల్సిన సూపు నింపాదిగా చల్లారుతోంది.